రత్నాలు నర్సమ్మ జీతం ఎక్కువా, తక్కువా?

(హుకుంపేట మండలం గెడ్డపుట్టు ఆరోగ్య ఉపకేంద్రంలో ముప్ఫై ఏడేళ్లు పనిచేసిన నర్సు రత్నాలు తన పదవీ విరమణ సభలో మాట్లాడినది)

ఈ సభకు పెద్దగా కూర్చున్న మన డాక్టరమ్మ కృపావతి గారికి, ఇంత ఎండలో కొండ దిగి వచ్చిన గాసి మామకూ ఆయన వెంట వచ్చిన మూడు ఊళ్ల పెద్దలకూ, అరకు నుంచి పని మానుకుని కారేసుకుని వచ్చి, వచ్చినవారు ఊరుకోకుండా నాకంటే ముందు మైకు అందుకుని నన్ను ఇరుకున పెట్టిన రిసార్టు యజమాని లక్ష్మీప్రసాద్ గారికి, నాతో పాటు ఎండా వానా భరించిన ఆశా కార్యకర్తలకూ అంగన్‌వాడీ అమ్మలకూ, ముందు వరసలో కూర్చుని నేను నోరు తెరవకముందే రెండుసార్లు ఆవలించిన మా నాన్న సుక్రుకీ, అందరికీ చేతులెత్తి దండాలు.

నాకు మైకు అలవాటు లేదు. నా ఉద్యోగమంతా కేకల మీదే నడిచింది. ఈ కొండ మీద నిలబడి, అవతలి కొండ మీద పసుపు దుంపలు తవ్వుకుంటున్న గర్భిణికి ఐరన్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అరిచి చెప్పినదాన్ని. కనుక ఈ మైకు పగిలిపోతే ఆ ఖర్చు నా పెన్షన్లో కోసుకోవాలని డాక్టరమ్మ గారికి ముందే మనవి చేసుకుంటున్నాను. (నవ్వులు)

పొద్దుటి నుంచి అందరూ నన్ను పొగుడుతున్నారు. శాలువాలు నాలుగయ్యాయి. ఈ మే నెలలో నాలుగు శాలువాలు కప్పుకుని నిలబడ్డానంటే నా ఆరోగ్యం ఎంత గట్టిదో చూడండి, ఇంకో పదేళ్లు పెన్షన్ తీసుకోవడం ఖాయం. పొగడ్తలు వింటుంటే బాగానే ఉంది, కాదనను. అయితే లక్ష్మీప్రసాద్ గారు నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, అయిదో మాటగా, "రత్నాలమ్మ లాంటివాళ్లు వందకొకరు, మిగతా ప్రభుత్వోద్యోగులంతా పని తక్కువ, జీతం ఎక్కువ బాపతు, మా ప్రైవేటులో ఒక్క రోజు అలా ఉంటే నడుస్తుందా" అన్నారు. హాల్లో సగం మంది చప్పట్లు కొట్టారు. ఆ కొట్టినవాళ్లలో ప్రభుత్వోద్యోగులు కూడా ఉన్నారు, నేను చూశాను. (నవ్వులు)

ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన పిల్లలిద్దరికీ టీకాలు నేనే వేశాను, చిన్నవాడు ఇంజినీరింగు చదువుతూ కూడా నన్ను చూస్తే ఇప్పటికీ చెయ్యి వెనక్కి దాచుకుంటాడు. అంత దగ్గరితనం మాది. అందుకే ఆయనకి జవాబు చెప్పకుండా కూర్చుంటే మర్యాద కాదు. అదీగాక, ఇదే ప్రశ్న నిన్న మధ్యాహ్నం భాను నన్ను ఇంకోలా అడిగింది.

భాను ఎవరో తెలియనివాళ్లకి చెబుతాను. అదిగో, కిటికీ పక్కన, నేను పేరెత్తేసరికి తల దించుకున్న పిల్ల. అనంతగిరి అమ్మాయి. నర్సింగులో డిగ్రీ చదివింది. నాలుగేళ్లుగా మా ఉపకేంద్రంలో కాంట్రాక్టు నర్సు. నేను ముప్ఫై ఏళ్లలో నేర్చుకున్నది నాలుగేళ్లలో నా దగ్గర లాగేసుకుంది, పైగా కంప్యూటరులో నాకు రాని పనంతా చేసి సంతకం మాత్రం నాతో పెట్టించేది. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్లు ఉద్యోగమిస్తామని ఆమెకి ఉత్తరం పంపారు. నెలకి ముప్ఫై నాలుగు వేలు, హాస్టల్లో గది, పీఎఫ్. ఇక్కడ ఆమెకి వచ్చేది ఇరవై అయిదు వేలు, అదీ ఏటా కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో అని మార్చి నెలంతా దడ. వస్తుందో రాదో రేపు పొద్దున్న పదింటిలోగా వాళ్లకి చెప్పాలి. నేను ఇవాళ దిగిపోతున్నాను. నా చోట ఇంకా ఎవరినీ వెయ్యలేదు. భాను కూడా వెళ్లిపోతే, మూడు ఊళ్లకీ కలిపి ఉపకేంద్రం తలుపు తీసే మనిషి ఉండదు. ఇదీ సంగతి.

నిన్న ఇద్దరం కూర్చుని మందుల జాబితా సరిచూసుకుంటున్నాం. ఉన్నట్టుండి ఆ పిల్ల, "పెద్దమ్మా, ముప్ఫై ఏడేళ్లు సేసేవు గదా, నీకు గిట్టిందా?" అని అడిగింది. ప్రశ్న చిన్నదే. నేను మాత్రం "రేపు సభలో చెబుతాలే" అని తప్పించుకున్నాను. ఇప్పుడు సభ వచ్చేసింది, తప్పించుకోవడానికి దారి లేదు.

గిట్టిందో లేదో చెప్పాలంటే మొదటి జీతం దగ్గర మొదలెట్టాలి. 1989. ఈ ఊరికి రావడానికి మైదానం నర్సులెవరూ ఒప్పుకోకపోతే, ఊరి పిల్లనే కదా అని నన్ను ఇక్కడే వేశారు. మొదటి నెల పదమూడు వందల యాభై రూపాయలు చేతికొచ్చాయి. ఆ డబ్బుతో సెకన్ల ముల్లున్న చేతి గడియారం కొనుక్కోవాలని నా ఆశ. నాడి చూడాలంటే అది ఉండాలి. గడియారం లేని నర్సు చెయ్యి పట్టుకుంటే, నాడి చూస్తున్నట్టు ఉండదు, పరామర్శకి వచ్చినట్టు ఉంటుంది.

జీతం తెచ్చి మా నాన్న చేతిలో పెట్టాను, ఆయన చేత్తో తిరిగి తీసుకుందామని. ఆయనేం చేశాడో ఇక్కడున్న కుర్రవాళ్లకి తెలియదు. మా ఊళ్లో చైత్రంలో వచ్చే ఇటుకల పండక్కి వేటకి వెళ్తే, ఆ జంతువు ఎవరి దెబ్బకి పడినా మాంసం మాత్రం ఊరందరిదీ. ఆకులు పరిచి ఇంటికొక వాటా వేస్తారు. వేటకి రాని ముసలివాళ్ల ఇంటికీ వాటా, మగదిక్కు లేని ఇంటికీ వాటా. కొట్టినవాడికి తల అదనంగా ఇస్తారు, అంతే. (ఫారెస్టు గార్డు గారూ, నేను చెప్పేది ముప్ఫై ఏడేళ్ల కిందటి మాట, మీరు ఆ నోట్‌బుక్కు మూసెయ్యొచ్చు.) మా నాన్న ఇంటి ముందు అడ్డాకులు పరిచాడు. ఇరవై మూడు ఇళ్లు, ఇరవై మూడు ఆకులు. ఆకుకి యాభై రూపాయలు పెట్టి రాళ్లు బరువుంచి ఊరిని పిలిచాడు. మిగిలిన రెండు వందలు నా చేతిలో పెట్టి, "ఇది నీ తలకాయ వాటా" అన్నాడు. (నవ్వులు, చప్పట్లు)

నేను ఏడ్చాను. అది నా జీతం నాన్నా, ప్రభుత్వం నాకిచ్చింది అన్నాను. ఆయన నాకేసి వింతగా చూశాడు. "ఊరు పంపితే ఎల్లేవు. నాను జొరంతో పడుకున్న ఏడాది ఊరు గింజలిస్తే సదివేవు. ఎల్లి తెచ్చింది ఊరిది కాదా ఏటి?" అన్నాడు. దానికేం చెప్పాలో నర్సింగు స్కూల్లో నాకు నేర్పలేదు.

ఏంటి నాన్నా? తప్పు చేశానా అని అడుగుతున్నాడు. తప్పే. రెండో నెల నుంచి జీతం ఏ రోజు వస్తుందో నీకు చెప్పలేదు, నీకిప్పటికీ తెలీదు. (నవ్వులు)

కానీ ఆ యాభై రూపాయలు ఎంత పని చేశాయో వినండి. వాటా తీసుకున్న ఇరవై మూడు ఇళ్లూ నా ఉద్యోగంలో తమకి హక్కుందని ఖాయం చేసుకున్నాయి. నేను స్నానానికి నీళ్లు పెట్టుకున్నా, పండగ పూట కొత్త చీర కట్టుకున్నా, పిలిస్తే వెళ్లాలి. ఒక ముసలమ్మ తన మేకకి విరేచనాలని నన్ను లాక్కుపోయింది, మనుషుల నర్సునమ్మా అంటే, నీ జీతంలో నాకు వాటా లేదేటి అంది. అలాగే, వానాకాలం గెడ్డ పొంగితే టీకాల పెట్టె తల మీద పెట్టుకుని దాటించింది వాళ్లే. నేను తిరిగి తిరిగి వచ్చేసరికి గడప దగ్గర చోడి అంబలి ముంత మూతపెట్టి ఉండేది, ఎవరు పెట్టారో చాలాసార్లు తెలిసేది కాదు. నా క్వార్టరు పెంకులు లేచిపోతే బిల్లు పాసయ్యేలోపు కప్పేశారు. ఆ బిల్లు ఇంకా పాసవలేదు. (నవ్వులు) ఇవన్నీ నా జీతం చీటీలో ఎక్కడా లేవు, కానీ ఆ అంబలి తిన్నాను, ఆ పెంకుల కింద పడుకున్నాను, కనుక అవీ జీతమే.

ఇప్పుడు లక్ష్మీప్రసాద్ గారికి సూటిగా జవాబు. పోయిన నెల నా జీతం తొంభై రెండు వేలు. దాచుకోవడానికేం లేదు. అదిగో, వెనక ఎవరో అమ్మో అన్నారు. అనండి, మొదటిసారి చీటీ మీద ఆ అంకె చూసి నేనూ అన్నాను. మా నాన్నకి వినపడలేదు, అదే మేలు, లేకపోతే బయట ఆకులు పరిచేస్తాడు. (నవ్వులు)

ఆ అంకె ఎక్కువా? ఒక్కదాన్నే చూస్తే జవాబు తెలియదు. పక్కన ఇంకొకరిని నిలబెట్టి చూడాలి. సత్యకుమారీ, కాస్త లేచి నిలబడు. సిగ్గుపడకు, లే. ఈమె నేను నర్సింగు శిక్షణలో ఉన్నప్పుడు నా గదిలో ఉన్న స్నేహితురాలు. విజయనగరం వైపు అమ్మాయి. ఒకే గది, ఒకే బకెట్టు, ఒకే పరీక్ష. ఆమె ఫస్టు వచ్చింది, నేను గట్టెక్కాను. నాకు ఈ ఉద్యోగం వచ్చింది, ఆమె పట్నంలో ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. ముప్ఫై ఆరేళ్లుగా చేస్తోంది. సూది గుచ్చితే బిడ్డకి తెలియదు, అంత మంచి చెయ్యి. ఇప్పుడు ఆమె జీతం ఇరవై ఆరు వేలు. పెన్షన్ లేదు. పదవీ విరమణ కూడా లేదు, ఓపిక అయిపోయిన రోజే విరమణ. పొద్దున్న విశాఖ నుంచి రైల్లో వచ్చింది, ఇవాళ్టి జీతం కోసేస్తారు. నన్ను చూడ్డానికి వచ్చినందుకు ఈమెకి ఎనిమిది వందల చిల్లర నష్టం. మీరందరూ ఇచ్చిన కానుకలకి దండం, కానీ ఇవాళ నాకొచ్చిన వాటిలో అన్నింటికంటే ఖరీదైనది అదే. (చప్పట్లు)

కూర్చో తల్లీ.

చూశారు కదా, తొంభై రెండు, ఇరవై ఆరు. ఇందులో తప్పు అంకె ఏది? లక్ష్మీప్రసాద్ గారు నాది అంటారు. నేను ఆమెది అంటాను. నా జీతంతో నేనేం మేడలు కట్టలేదు. తమ్ముణ్ణి చదివించాను, మా నాన్నకి కంటి ఆపరేషను చేయించాను, రెండు గదుల ఇల్లు కట్టుకున్నాను, ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా ముసలిదాన్నవుతున్నాను. ముప్ఫై ఏడేళ్లు పనిచేసిన మనిషికి ఇది ఎక్కువ అనిపిస్తే, మనం తక్కువకి బాగా అలవాటు పడిపోయామని అర్థం. పక్కవాడి జీతం దించితే మన జీతం పెరగదు లక్ష్మీప్రసాద్ గారూ. మీ రిసార్టులో పన్నెండు గదులు తుడిచే గంగకి నెలకెంత ఇస్తారని నేనిక్కడ అడగను. అడక్కుండానే నవ్వుతున్నారు, చాలు. (నవ్వులు) వచ్చే నెల గంగ కూడా నవ్వితే నేను మీ హోటలుకి వచ్చి డబ్బులిచ్చి బొంగు చికెన్ తింటాను.

మాలో పని చెయ్యనివాళ్లు లేరా అంటే, ఉన్నారు. ఇక్కడే ఉన్నారు. రెండో వరసలో ఉన్నారు. పేరు చెప్పను, ఆయనే కండువా సర్దుకుంటున్నారు. (పెద్దగా నవ్వులు) వాళ్ల చేత పని చేయించాలి, అది వేరే సంగతి. ప్రైవేటువాళ్లకి పని వచ్చు అన్నదీ నిజమే, కానీ మన కొండ మీద పని రావాలంటే చోటు తెలియాలి. ఆమధ్య పట్నం నుంచి ఒక పెద్ద ఆసుపత్రివాళ్లు మా ఊరికి ఉచిత శిబిరం పెడతామని వచ్చారు. ఇద్దరు డాక్టర్లు, నలుగురు నర్సులు, ఫొటో తీసేవాడు, ఇంత పొడుగు బ్యానరు. మంచి మనసుతోనే వచ్చారు, కానీ సంత రోజున వచ్చారు. సంత రోజు మా ఊళ్లో ఎవరుంటారు? కోళ్లు ఉంటాయి, ఒక కుంటి కుక్క ఉంటుంది. వాళ్లు మధ్యాహ్నం దాకా కూర్చుని కోళ్లతో ఫొటోలు దిగి వెళ్లారు. (నవ్వులు) భాను చేరిన రెండో వారానికే టీకాల పెట్టె పట్టుకుని సంతలో చింతపండు బుట్టల పక్కన కూర్చుంది. తల్లులందరూ అక్కడికే కదా వస్తారు. దానికి ఎవరూ చెప్పలేదు, దానంతటది తెలుసుకుంది. అలాంటి పిల్ల అది.

అందుకే మొన్న గాసి మామ మూడు ఊళ్ల పెద్దల్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. అరవై రెండేళ్ల నన్ను ఆయన ఇంకా చిన్నపిల్లని పిలిచినట్టు గుంటా అనే పిలుస్తాడు. "గుంటా, ఆ భానుని ఆపీయే. నువ్వు సెప్తే ఇంటాది. జీతం గీతం మాకు తెలీదు, అది ఎల్లిపోతే మాకెవులున్నారు? సభలో అందరి ముందూ అడిగీ, కాదనలేదు" అన్నాడు. నేను సరే అన్నాను. నిజం చెబుతున్నాను, సరే అనే అన్నాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగేలా ఏం మాట్లాడాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. సేవ, పుణ్యం, పసిబిడ్డల నవ్వులు, అన్నీ వరసగా పేర్చుకున్నాను.

పొద్దున్న స్టేషన్ నుంచి ఆటోలో వస్తుంటే అదంతా సత్యకుమారికి వినిపించాను, బాగుందా అని. ఆమె అంతా వింది. తరవాత అంది: "మా ఆసుపత్రిలో జీతం పెంచమని అడిగినప్పుడల్లా, మనమంతా ఒక కుటుంబం అంటారు రత్నాలూ. కుటుంబంలో జీతాలేంటి అన్నట్టు మాట్లాడతారు. నువ్వు సేవ అంటున్నావు. మాట వేరు, పని అదే." ఇంకో సంగతి కూడా చెప్పింది. వాళ్ల దగ్గర కొత్తగా చేరే పిల్లలకి ముప్ఫై వేల పైన ఇస్తున్నారు. ముప్ఫై ఆరేళ్లు చేసినామెకి ఇరవై ఆరు. ఎందుకంటే సత్యకుమారి ఇక ఎక్కడికీ పోదని వాళ్లకి తెలుసు. ఎక్కడికీ పోలేని మనిషికి ఎవరూ జీతం పెంచరు. ఆ మాట విన్నాక నేను పేర్చుకున్న ప్రసంగాన్ని ఆటోలోనే వదిలేసి దిగాను.

(గాసి వైపు తిరిగి)

గాసి మామా, ఇందాక నువ్వు మైకులో చెప్పిన కథ తప్పు. 2001లో నేను పట్నం నర్సింగ్ హోంలో చేరిపోయి, మీ మీద బెంగ పట్టుకుని తొమ్మిది రోజులకే పరిగెత్తుకొచ్చానని చెప్పావు. ఇరవై అయిదేళ్లుగా ప్రతి పెళ్లిలోనూ చెబుతున్నావు, చెప్పిన ప్రతిసారీ నేను దాటిన గెడ్డ లోతు ఒక మూర పెరుగుతోంది. (నవ్వులు) వెళ్లింది నిజం. అయిదు నెలలు జీతం రాలేదు, నా కాగితం ఏ బల్ల మీద నిద్రపోతోందో ఎవరికీ తెలియదు. సత్యకుమారి తన దగ్గర చోటిప్పించింది. జీతం నా దాంట్లో సగమే, కానీ ఒకటో తారీఖున ఇస్తారు. ఫ్యాను ఉంది. కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. అన్నింటికంటే ముఖ్యం, బెల్లు నొక్కితే డాక్టరొస్తాడు. ఇక్కడ బెల్లు నొక్కితే రావాల్సింది నేనే. బిడ్డ అడ్డం తిరిగితే ఏం చెయ్యాలో ఒంటరిగా తేల్చుకోవాల్సిన భయం అక్కడ లేదు. ఆ తొమ్మిది రోజులూ నేను హాయిగా నిద్రపోయాను. మీరెవరూ గుర్తు రాలేదు మామా. ఒక్కసారి ఊరు గుర్తొచ్చింది, అదీ హోటల్లో పనసకాయ కూర బాగోనప్పుడు. (నవ్వులు)

తొమ్మిదో రోజు మా ఆఫీసు గుమాస్తా ఫల్గుణ, ఇప్పుడు లేడు పాపం, నర్సింగ్ హోంకి ఫోన్ చేశాడు. "అమ్మా, సెలవు సీటీ లేకుండా ఎల్లిపోయేవు. ఇంకో దినం దాటితే సర్వీసు తెగిపోద్దంటన్నారు. బేగి వచ్చీ. పన్నెండేళ్ల సర్వీసు, పెన్షన్ పోగొట్టుకుంటావేటి?" అన్నాడు. పెన్షన్ అన్న మాట వినగానే నాకు ఊరు బాగా గుర్తొచ్చింది. (పెద్దగా నవ్వులు) దొరికిన బస్సెక్కి వచ్చేశాను. వచ్చేసరికి మీరు డప్పులు తెచ్చారు, ఆడవాళ్లు చేతులు పట్టుకుని థింసా ఆడారు, మా నర్సమ్మ మా మీద పేణంతో వచ్చీసింది అని నువ్వే అరిచావు. అంతమంది ఏడుస్తుంటే, నేను పెన్షన్ కోసం వచ్చానర్రా అని ఎలా చెప్పను? చెప్పలేకపోయాను. ఆ అబద్ధం నేను ఆడలేదు గానీ, ఇరవై అయిదేళ్లు దాన్ని తిని బతికాను. ఇవాళ దించుకుంటున్నాను.

నవ్వుతున్నావా మామా? నవ్వు. నువ్వు నవ్వుతావో తిడతావో అని పొద్దుటి నుంచి భయపడుతున్నాను.

మీరంటే నాకు ప్రేమ లేదని కాదు. వచ్చాక పుట్టిన ప్రేమ అది, రోజూ కాస్త కాస్త పెరిగింది, ఇప్పుడు మిమ్మల్ని విడిచి వెళ్లమంటే ప్రాణం పోతున్నట్టే ఉంది. నేను తిరిగొచ్చాక ఈ చేతుల్లో పుట్టిన బిడ్డలు నాలుగు వందల పైమాటే. వాళ్లలో కొందరు వెనక నిలబడి ఈలలు వేస్తున్నారు, పుట్టినప్పుడు కూడా అంతే గోల చేశారు. కానీ ఆ నాలుగు వందల కాన్పులకీ నన్ను వెనక్కి తెచ్చింది నా మంచి మనసు కాదు. ముసలితనంలో నీకు ఇంత కూడు పెడతాం అని ప్రభుత్వం కాగితం మీద రాసిచ్చిన మాట. సరైన జీతమంటే అది. మనసు ఊగిన రోజున మనిషిని పట్టి ఉంచేది అదే.

భానుకి ఆ కాగితం లేదు. నాకున్నది దేన్నీ ఆమెకి ఇవ్వకుండా, నేను చేసినదంతా ఆమెని చెయ్యమంటున్నాం. పైగా ప్రేమతో అడుగుతున్నాం, అందుకే ఆమె కాదనలేదు. మామా, నన్ను తిట్టినా సరే. నేను ఆ పిల్లని ఆగమని అడగను.

(గాసి లేచి నిలబడి ఏదో అంటాడు)

ఏమంటున్నావు మామా? మైకులో చెప్పు, అందరికీ వినపడాలి. "అయితే మరి ఎవుల్ని అడగాలే?" అంటున్నాడు. ఇదీ ప్రశ్న. ఇన్నాళ్లూ మనం అడగాల్సిన చోట అడక్కుండా, దొరికిన పిల్లనల్లా పట్టుకుని బతిమాలుతున్నాం. మూడు ఊళ్లూ కలిసి కాగితం రాయండి. గెడ్డపుట్టులో శాశ్వత ఉద్యోగంగా నర్సుని వెయ్యాలి, పూర్తి జీతంతో, పెన్షన్‌తో అని రాయండి. రాసి జిల్లా ఆఫీసు మెట్ల మీద కూర్చోండి. నేనూ వస్తాను, ఇప్పుడు నన్ను ఎవరూ బదిలీ చెయ్యలేరు. (చప్పట్లు) డాక్టరమ్మ గారు తల ఊపుతున్నారు. మొదటి సంతకం తనదే అంటున్నారు. అందరూ విన్నారు కదా, రేపు నేను అనలేదు అంటే కుదరదు. (నవ్వులు)

మా నాన్న సైగ చేస్తున్నాడు. "బేగి ముగించీయే, కూర సల్లారిపోతంది" అంటున్నాడు. అయిపోయింది నాన్నా, ఒక్క పని మిగిలింది.

ఇది ఉపకేంద్రం తాళం చెవి. ముప్ఫై ఏడేళ్లు నా కొంగుకి ఉంది. దీన్ని నేను భాను చేతిలో పెడతానని మీరంతా చూస్తున్నారు, ఫొటోగ్రాఫరు కూడా అటే తిరిగాడు. బాబూ, కెమెరా ఇటు తిప్పు. భాను చేతిలో పెట్టను. పెడితే ఆ పిల్ల తిరిగి ఇవ్వలేదు, నాకు తెలుసు. డాక్టరమ్మ గారూ, మీరు తీసుకోండి. తలుపు తీయించాల్సిన బాధ్యత మీ ఆఫీసుది, ఆ పిల్ల మంచితనానిది కాదు.

భానూ, నిన్న నువ్వు అడిగినదానికి జవాబు. గిట్టింది. ముప్ఫై ఏడేళ్లకీ నాకు గిట్టింది. అందుకే, గిట్టని బేరానికి నిన్ను ఒప్పించే హక్కు నాకు లేదు.

ఎందుకు లేస్తున్నావు? వద్దు, కూర్చో. ఏమీ చెప్పకు. ఇన్ని దండల మధ్య, ఇంతమంది ముసలివాళ్లు నీ మొహంలోకి చూస్తుంటే ఎవరైనా ఉంటాననే అంటారు. ఆ మాట ఇక్కడ చెల్లదు. రేపు పదింటికి, ఎవరూ పక్కన లేకుండా, నీ లెక్క నువ్వు చూసుకుని చెప్పు. వెళ్తానంటే బస్సు దాకా నీ పెట్టె నేను మోస్తాను. ఉంటానంటే, ఉండడానికి నాకేమిస్తారు అని ముందు అడిగి అప్పుడు ఉండు.

నన్ను ఇంత దాన్ని చేసిన ఈ కొండకీ, నా మాట ఓపిగ్గా విన్న పెద్దలకూ, దెబ్బలు తిని కూడా నవ్విన లక్ష్మీప్రసాద్ గారికి, ఒక రోజు జీతం వదులుకున్న సత్యకుమారికీ, నా కొంగు బరువు దించిన డాక్టరమ్మ గారికి పేరు పేరునా కృతజ్ఞతలు. వంట పూర్తయింది, ఆ తరవాత డప్పులున్నాయి, ఈ నాలుగు శాలువాలూ తీసేసి నేనూ ఆడతాను. భానూ, కళ్లు తుడుచుకో. ముందు అన్నం తిను. సెలవు.